నడక నిపుణుడి బొబ్బలు

మొన్న మా వీధిలో ఉండే ఇంజినీరు పిల్లోడు ఒక పుస్తకం తెచ్చి నా చేతిలో పెట్టినాడు. "తాతా, నీకు నడక పుస్తకాలంటే పిచ్చి అంట గదా, ఇది చదువు" అన్నాడు. అందులో ఒకాయన నాలుగు నెలలు కొండలెంబడి నడుస్తాడు. దారిలో పద్దెనిమిదిసార్లు సూర్యోదయం చూస్తాడు, ఆరుసార్లు ఏడుస్తాడు, ఒకసారి తోడేలుతో మాట్లాడతాడు. చెంబు తీసుకొని పొద చాటుకు మాత్రం ఒక్కసారి కూడా పోడు. నాలుగు నెలలప్పా! ముప్పై ఏండ్లు పశువుల దవాఖానాలో పని చేసినోణ్ణి, నాకు మొదట అనుమానం వచ్చేది ఆడనే.

సినిమాల్లో ఇంకా అన్యాయం. హీరో కర్రకు మూట తగిలించుకొని బయల్దేరతాడు. పాట మొదలవుతాది. పాట అయిపోయేటప్పటికి మూడు కొండలు దాటింటాడు, గడ్డం జానెడు పెరిగింటాది, చొక్కా కాలరు మాత్రం ఇస్త్రీ చెదరదు. తొడలు రాసుకోవు. కుక్కలు ఎంటబడవు. ఒక్క ఊర్లో కూడా ఒక్క ముసిలామె "అన్నం తినినావా నాయనా" అని అడగదు.

మీరు చిన్నోళ్ళు, బూట్లూ బ్యాగులూ కొనుక్కొని కొండలెక్కుతా ఉండారు. మంచిదే. కానీ ఆ సినిమాలు చూసి ఎక్కొద్దని చెప్పే హక్కు నాకుండాది, ఎందుకంటే అట్లాంటి సినిమా ఒకటి నా వల్లే చెడిపోయింది.

డెబ్బైల చివర్లో నేను పుంగనూరు దగ్గిర ఒక పల్లెలో, పశువుల దవాఖానాలో కాంపౌండరుని. వెదురు గొట్టంతో ఎద్దుల గొంతులో మందు పోసేది, కుంటే గొర్రెల కాళ్ళు కడిగేది, డాక్టరుగారు తిట్టేది వినేది, ఇదీ నా పని. ఆదివారం వస్తే మదనపల్లె గ్రంథాలయానికి పోయి మూడు పుస్తకాలు తెచ్చుకునేవాణ్ణి. మూడూ నడక పుస్తకాలే. కాలినడకన కాశీ పోయినోళ్ళు, మంచు కొండలెక్కినోళ్ళు, దేశమంతా చుట్టొచ్చినోళ్ళు. మందుల బీరువా తలుపు లోపలివైపు ఒక మ్యాపు అతికించి, మదనపల్లె నుంచి పుంగనూరు మీదుగా కుప్పం దాకా ఎర్ర పెన్సిలుతో గీత గీసి పెట్టుకున్నాను. ఎప్పటికైనా నడవాలని. నడిచింది మాత్రం లేదు. బస్టాండుకు కూడా సైకిల్లోనే పోయేవాణ్ణి.

డాక్టరుగారికి ఇదంతా తెలుసు. "ఏమయ్యా, ఈ వారం ఎన్ని మైళ్ళు చదివినావు?" అని అడిగేవాడు. ఆయన నవ్వడు. అదీ నాకు మంట.

ఒకరోజు మద్రాసు నుంచి ఒక వ్యాను వచ్చి దవాఖానా ముందర ఆగింది. అందులోంచి గడ్డం పెంచిన కుర్రాయన దిగినాడు, ఆయన డైరెక్టరు. ఎనక పొట్ట మీద కెమెరా పెట్టుకొని కెమెరామెన్ దిగినాడు. ఆవుల్ని తోలుకొని దూరాభారం నడిచే రైతుల మీద చిన్న సినిమా తీయాలంట, మనిషి కావాలంట. డాక్టరుగారు గంభీరంగా నా వైపు చెయ్యి చూపించి, "మా కాంపౌండరు నడకలో నిపుణుడు, ఈయన్ని అడగండి" అన్నాడు.

ఆ మాట ఎగతాళి అని నాకు తెలుసు. డైరెక్టరుకు తెలియదు. రెండు చేతులతో నా చెయ్యి పట్టుకున్నాడు. ఆయన చదివిన పుస్తకాలూ నేను చదివినవీ ఒకటేనని అర్ధగంటలో తేలింది. ఇంక చూడండి, మూడు గంటలు మాట్లాడుకున్నాం. బయట ఒక ఎద్దు మందు కోసం నిలబడి నిలబడి తనంతట తానే నయమై ఎళ్ళిపోయింది.

మనిషి కావాలంటే నా ఎరికలో ఒకాయన ఉండనే ఉండాడు. మా పల్లె పెద్దాయన. నాలుగెకరాల శెనిక్కాయ చేను, ఆరు ఆవులు, తెల్ల మీసం. కూతుర్ని కుప్పం అవతల గుడుపల్లె పక్క ఇచ్చినాడు. ఆ బిడ్డకు రెండో కాన్పు అత్తగారింట్లోనే జరిగింది. తల్లికి పాలు సాలడం లేదు, ఇంట్లో పాడి లేదు, పసిగుడ్డు ఏడస్తా ఉండాదని కబురొచ్చింది. ఈయన కూతురికి మాట పంపించినాడు: "శుక్రారం బిడ్డను తొట్ల ఉయ్యాల్లో వేసేటప్పటికి ఆవు నీ గుమ్మంలో ఉంటాది." ఆవంటే మా పక్కన ఉండే పొట్టి ఆవు. మనిషి నడుమంత ఎత్తు కూడా ఉండదు, పాలు మాత్రం బంగారం. నెల దూడ తోడు. లారీ ఎక్కిస్తే బెదిరి పాలు ఇంకిపోతాయని, నడిపించుకొనే పోతానన్నాడు. దూడను ముప్పాతిక దూరం భుజాన ఏసుకొని, పాతిక దూరం నడిపించేది. సోమవారం కదిలితే గురువారం మాపటికి చేరతాం అన్నాడు.

ఆ దూడ అడ్డం తిరిగి పుట్టలేకుంటే డాక్టరుగారూ నేనూ కలిసి లాగినాం. అందుకని నా మాటంటే ఆయనకు మొహమాటం. సినిమా తీస్తారు, ఒప్పుకో అంటే, "కాంపౌండరప్ప చెప్పినాక కాదంటానా" అన్నాడు.

డైరెక్టరు నన్ను మాటలు కూడా రాయమన్నాడు. నాకు రెక్కలొచ్చినాయి. మేం చదివిన ప్రతి పుస్తకంలోనూ దారిన పోయేటోణ్ణి ఎవరో ఒకరు ఆపి "ఎక్కడికి ప్రయాణం?" అని అడుగుతారు, ఆయన వేదాంతంగా ఏదో చెప్తాడు. నేనూ అదే రాసినాను. ఏడు చోట్ల ఏడుగురు అడగతారు, "యాడికి పోతాండావు పెద్దాయనా?" అని. దానికి పెద్దాయన, "దారి ఆగే కాడికి" అంటాడు. రాసి, చదువుకొని, నేనే కండ్లనీళ్ళు పెట్టుకున్నాను.

సోమవారం పొద్దున ఊరి బయట కెమెరా పెట్టినారు. మొదటి ప్రశ్న అడగడానికి ఊర్లో ఆడోళ్ళను పిలిస్తే ఒక్కరూ రాలేదు. "మేం అడగమబ్బా" అని కొంగు నోటికి అడ్డం పెట్టుకొని పోయినారు. కెమెరా అంటే సిగ్గనుకున్నాను. సరేనని వ్యాను డ్రైవరుకు తలపాగా చుట్టి నిలబెట్టినాం. మద్రాసోడు, వాడికేం తెలుసు.

పెద్దాయన వచ్చినాడు. ముందర ఆవు, భుజం మీద దూడ, చేతిలో కర్ర. కర్ర చివర టైరు చెప్పులు. డ్రైవరు ఎదురుగా పోయి, "యాడికి పోతాండావు పెద్దాయనా?" అన్నాడు.

పెద్దాయన టక్కున ఆగిపోయినాడు. డ్రైవరు దిక్కు ఒకసారి చూసి, ఆవును ఎనక్కి తిప్పి, గమ్మున ఇంటికి పోయినాడు. మాటలు మర్చిపోయినాడేమోనని మేమంతా ఎనకే పరిగెత్తినాం. ఆయన అరుగు మీద కూర్చోనుండాడు. ఆయన భార్య ఒక్క మాటన్నా అడక్కుండా చెంబుతో నీళ్ళు తెచ్చిచ్చింది. తాగినాడు. ఆకూ వక్కా వేసుకున్నాడు. కొంచేపు కూర్చొని, మళ్ళీ లేచినాడు.

అప్పుడు గుర్తొచ్చింది నాకు.

బయల్దేరే మనిషిని యాడికని అడగకూడదప్పా! అడిగితే పోయే పని చెడుతుంది. అడిగినారంటే ఎనక్కొచ్చి, కూర్చొని, నీళ్ళు తాగి పోవాల. ఇది మా పక్క పాలు తాగే బిడ్డకు కూడా తెలుసు. నేను ఎస్సెల్సీ పరీక్షకు పోతాంటే పక్కింటామె నోరు జారి అడిగిందని మా అమ్మ నన్ను రెండుసార్లు ఎనక్కి పిలిచి నీళ్ళు తాగించింది. పరీక్షలో మూడు గంటలూ ఒంటేలు ఆపుకొని రాసినాను. అట్లాంటోణ్ణి, ఆ ప్రశ్న ఏడుసార్లు నా చేత్తో రాసినాను! పుస్తకాల్లో అందరూ అడగతారు గదా అని.

డైరెక్టరు నా పక్కకొచ్చి, "ఆయన వెనక్కి ఎందుకెళ్ళారండీ?" అని అడిగినాడు.

నిజం చెప్పాల్సింది అప్పుడే. కానీ నిపుణుడనిపించుకొని ఇంకా రెండు రోజులు కూడా కాలేదు. "అదొక పాత నడక పద్ధతి సార్. ముందర కొంచెం నడిచి, ఒళ్ళు వేడెక్కినాక కూర్చొని, అప్పుడు అసలు నడక మొదలుపెడతారు" అన్నాను. ఆయన పుస్తకం తీసి రాసుకున్నాడు. అయ్యో దేవుడా అనుకున్నాను.

మబ్బొచ్చిందని ఒకసారి, మబ్బు పోయిందని ఒకసారి మళ్ళీ తీసినారు. ప్రతిసారీ పెద్దాయన ఇంటికి పోవడం, నీళ్ళు, ఆకు వక్క. మధ్యాన్నానికి మేం ఊరి పొలిమేర దాటలేదు. పక్కకు తీసకపోయి బతిమాలినాను, "పెద్దాయనా, అది ఉత్తుత్తి ప్రశ్న. సినిమాది. లెక్కలోకి రాదు."

"అడిగింది నోరే గదప్పా" అన్నాడు. "నా పనైతే సూసీ సూడనట్టు పోదును. పసిబిడ్డ పని."

చివరికి ఒక ఒప్పందానికొచ్చినాం. దారిలో ఇంటికి పోలేం కాబట్టి, కడాపటిసారి యాడ నీళ్ళు తాగితే ఆడికి ఎనక్కి పోయి కూర్చుంటే సాలన్నాడు. అది ఒక్కోసారి ఒకటిన్నర మైలు. ఏడు ప్రశ్నలు. ఒక్కోదానికి రెండు మూడు టేకులు. మీరే లెక్కేసుకోండి. కుప్పం దాకా పోయే దారిని మేం కుట్టుపని మాదిరి ముందుకొకటి ఎనక్కొకటి వేస్తా పోయినాం. తలపాగా రంగులు మార్చి మార్చి అడిగే మనుషులందరూ ఆ డ్రైవరే అయినాడు.

నా కాళ్ళ సంగతి చెప్పాల. నడక నిపుణుణ్ణి గదా, మదనపల్లెలో తెల్ల కాన్వాసు బూట్లు కొన్నాను. మంగళవారానికి రెండు మడిమెలకూ ఉసిరిక్కాయలంత బొబ్బలు. కుంటతా నడుస్తాంటే డైరెక్టరు చూసి, "ఆగండి! ఇదే! ఇదే నడక!" అని కెమెరామెన్‌ను పిలిచి నా కాళ్ళ ముందర పడుకోబెట్టినాడు. పెద్దాయన కాళ్ళు కూడా తీయబోయినాడు గానీ ఆ అరికాళ్ళలో చూపించేదానికి ఏమీ లేదు, గట్టిబడి నున్నగా ఉండాయి. ఆయన చెప్పులు కర్రకే వేలాడేవి. పలమనేరు రాగానే తీసి తొడుక్కున్నాడు. టౌను దాటగానే మళ్ళీ కర్రకు తగిలించినాడు.

డైరెక్టరుకు అసలు బాధ అదే. "ఈయన అలిసిపోయినట్టే కనిపించడం లేదండీ. కొంచెం అలిసిపోయి నడవమని చెప్పండి."

చెప్పినాను. పెద్దాయనకు రోషమొచ్చింది. "అలిసిపోతే కూసుంటాం గదప్పా. అలిసిపోయి నడిసేది యాల?"

ఇంకో బాధ ఒంటరితనం. కథలో ఒంటరి బాటసారి అని ఉండాది. ఈయనేమో ప్రతి ఊర్లోనూ ఎవరో ఒకరింట్లో దూరేవాడు. గంగవరంలో చిన్నాయన కొడుకు, ఆపైన పల్లెలో ఎప్పుడో ఎద్దుల్ని కొన్నాయన, బైరెడ్డిపల్లెలో వియ్యపురాలి చెల్లెలు. పోయిన కాడల్లా సంగటీ శెనిక్కాయ ఊరిబిండి పచ్చడీ. కెమెరామెన్ ఆ నాలుగు రోజుల్లో నోరు తెరిచింది తినేదానికే. "ఒంటరితనం ఎప్పుడు తీద్దాం?" అని డైరెక్టరు అడిగితే పెద్దాయన ఆలోచించి, "ఈ దోవలో ఒంటిగా పోవాలంటే సుట్టాలందరితో కొట్లాడాల. అంత టయిం లేదప్పా" అన్నాడు.

టయిం నిజంగానే లేదు. గురువారం మధ్యాన్నానికి, కుప్పం దగ్గిర ఉండాల్సినోళ్ళం, బైరెడ్డిపల్లె దాటి రెండు మైళ్ళు కూడా పోలేదు. ముందర ముప్పై మైళ్ళ పైన ఉండాది. ఇంకా రెండు ప్రశ్నలు మిగిలినాయి. డ్రైవరు ఆరో తలపాగా చుట్టుకుంటా ఉండాడు. అప్పుడు దూడ పడుకుండిపోయింది.

పాతిక దూరం నడవాల్సిన దూడ, ముందుకూ ఎనక్కూ తిప్పి తిప్పి ఎంత నడిచిందో. గిట్టలు చూసినాను. మెత్తగా అరిగిపోయి ఎర్రగా ఉండాయి. ఆవు దూడను నాకతా నిలబడిపోయింది, అదిలిస్తే కదలదు. పెద్దాయన రోడ్డు పక్కన గొంతుకూర్చొని కూతురుండే కుప్పం దిక్కు చూస్తా, "మా అమ్మి గుమ్మం కాడ నిలబడుంటాది" అన్నాడు. అంతే.

తిట్టుంటే బాగుండేది. నాకు ఏడుపొచ్చింది. సిగ్గు లేకుండా చెప్తాండాను, రోడ్డు మీద కూర్చొని ఏడ్చినాను. లేచి డైరెక్టరు దగ్గిరికి పోయి అంతా కక్కేసినాను. ఒళ్ళు వేడెక్కే పద్ధతి అబద్ధమనీ, ఆ ప్రశ్న ఈ నేల మీద ఎవరూ అడగరనీ, నేను నిపుణుణ్ణి కాదనీ, బస్టాండుకు కూడా సైకిల్లో పోతాననీ.

డైరెక్టరు మొహం తెల్లబోయింది. రాసుకున్న పుస్తకం మూసి, "మరి మీ వైపు బయల్దేరే మనిషికి ఏం చెప్తారు?" అని అడిగినాడు, పెద్దాయన్ని.

"ఏం సెప్పం" అన్నాడు పెద్దాయన. "మంచి కోరేటోళ్ళు నిండు బిందె ఎత్తుకొని ఎదురొస్తారు. అది సూసి పోతాం. నువ్వు యాడికన్నా నడిసి పోయినావాప్పా, యప్పుడన్నా?"

డైరెక్టరు వ్యాను దిక్కు చూసినాడు. నేనూ చూసినాను. అప్పుడు నా ముప్పై ఏండ్ల సర్వీసులో పనికొచ్చిన ఒకే ఒక్క ఆలోచన వచ్చింది. "సార్, మన ఆవు పొట్టిది. లారీ ఎత్తు కాదు, ఆ వ్యానులో పడతాది. గడ్డి పరిచి, ఎద్దులబండి మాదిరి మెల్లిగా తోలితే బెదరదు. పాలకు నాది పూచీ."

"ఇది కెమెరా వ్యాను!" అని డ్రైవరు తలపాగాతోనే మొత్తుకున్నాడు. డైరెక్టరు వాడి మాట వినకుండా పెట్టెలు దింపి బైరెడ్డిపల్లెలో వియ్యపురాలి చెల్లెలింటికి పంపించేసినాడు. దూడ గిట్టలకు పసుపూ నూనె రాసి గుడ్డ కట్టినాను. ఆవును పలకరిస్తా ఎక్కిస్తే, పెళ్ళికి పోయేదాని మాదిరి ఎక్కి నిలబడింది. ముందర సీట్లో పెద్దాయన, ఆయన పక్కన కెమెరా ఒళ్ళో పెట్టుకొని కెమెరామెన్. ఇంక జాగా లేదు. నడక మీద సినిమా తీసేటోడూ, నడక నిపుణుడూ రోడ్డు మీద మిగిలినాం.

"మనం నడుద్దాం" అన్నాడు డైరెక్టరు, పట్టుదలగా.

నడిచినాం. ఎనిమిది మైళ్ళు. మొదటి మైల్లో పుస్తకాల గురించి మాట్లాడుకున్నాం. మూడో మైలు నుంచి మాట్లాడుకోలేదు. అయిదో మైల్లో ఆయన పొద చాటుకు పోయొచ్చి, "ఇది ఎవరూ రాయలేదండీ" అన్నాడు. తొమ్మిదో మైలు కాడ కుప్పం బస్సు వచ్చింది. ఒకరి మొహం ఒకరం చూసుకోకుండా ఎక్కేసినాం.

శుక్రవారం పొద్దున గుడుపల్లె పక్క ఆ ఊరికి కడాపటి మైలు మాత్రం నడిచే పోయినాం, కర్రలూతుకొని, అంతా నడిచొచ్చినోళ్ళ మాదిరి. గుమ్మంలో ఆవు కట్టేసి ఉండాది. దూడ గుడ్డ కాళ్ళతోనే పొదుగు పొడస్తా ఉండాది. లోపల తొట్ల పాట పాడతా ఉండారు, బిడ్డ ఏడుపు లేదు. పెద్దాయన మమ్మల్ని కింది నుంచి పై దాకా చూసి, "బస్సు యాడ ఎక్కినారప్పా?" అన్నాడు. నడిచినోళ్ళకు దుమ్ము మోకాళ్ళ దాకా ఉంటాదంట, మాకు నెత్తి మీద ఉండాది.

సినిమా బయటికొచ్చింది. మదనపల్లెలో అసలు బొమ్మకు ముందర మూడు నిమిషాలు వేసినారు. అందులో ఆవు లేదు, పెద్దాయన వీపు మాత్రం ఒకసారి కనిపిస్తాది. మిగిలిందంతా నా తెల్ల బూట్లు, కుంటతా. ఎనక నుంచి ఒక గంభీరమైన గొంతు, "అలసట ఎరుగని ఈ రైతు పాదాలు..." అంటాది. డాక్టరుగారు నా పక్కనే కూర్చొని చూసి, పదేండ్లలో మొదటిసారి నవ్వినాడు. "కాళ్ళు బాగా నటించినాయయ్యా" అన్నాడు. బీరువా తలుపు మీది మ్యాపు మర్నాడే పీకేసినాను.

కానీ ఆ సినిమాలో పడాల్సింది ఒకటుండాది. ఆ శుక్రవారం తొట్ల భోజనం చేసి మేం బయల్దేరినాం. ఇంటినిండా జనం, ఒక్కరూ యాడికని అడగలేదు. వీధి మలుపు తిరగతాంటే ఎదురుగా పెద్దాయన వస్తా ఉండాడు. తలపాగా తీసి చుట్ట చేసి నెత్తిన పెట్టుకొని, దాని మీద నిండు బిందె. మా పక్క మొగోళ్ళు బిందె నెత్తిన పెట్టుకోరు. నీళ్ళు తొణికి తెల్ల మీసమంతా కారతా ఉండాయి. వాకిళ్ళలో ఆడోళ్ళు కడుపు పట్టుకొని నవ్వతా ఉండారు. ఆయన ఏమీ పట్టించుకోకుండా, బిందె పడిపోకుండా రెండు చేతులా పట్టుకొని, మా ఎదురుగా నడిచొచ్చి, మమ్మల్ని దాటుకొని పోయినాడు. నాలుగు రోజులు ఆయన్ని ఎనక్కి తిప్పినోణ్ణి, నా మంచి కోరి.

డైరెక్టరు "కెమెరా!" అని అరిచినాడు. కెమెరామెన్ తల అడ్డంగా ఆడించినాడు. రీలు లేదు. ఉన్నదంతా నా బొబ్బల మీద అయిపోయింది.